ఉస్తాద్ విప్పేసిన పేజీలు

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మా ప్రెస్సు. ఏడో తరగతిలో బడికి సలాం కొట్టి అక్కడ చేరాను. బడి బాధపడలేదు, నేనూ పడలేదు. కంపోజింగ్, అంటే సీసం అక్షరాలు పేర్చి పేజీ కట్టడం, నేర్పింది అక్కడి పెద్ద పనివాడు ఉస్తాద్. సీసం అక్షరాలు తిరగబడి ఉంటాయి కనుక నేను తెలుగును వెనక నుంచి నేర్చుకున్నవాణ్ణి.

ఆయన నేర్పిన మొదటి సంగతి: అచ్చు కాగానే పేజీ విప్పాలి. ఒక్కో అక్షరాన్నీ తుడిచి పెట్టెలో దాని గడిలో వేయాలి. లేకుంటే రేపటి పనికి అక్షరాలుండవు. పేజీ విప్పకుండా ఇంటికి పోయేవాడు ఆయన లెక్కలో ఎంగిలి కంచం తీయకుండా లేచిపోయినవాడే.

సీసం పోయి కంప్యూటర్లు వచ్చాయి. అందరి ఫైళ్లూ ఒకచోట ఉండేలా మెట్ల కింద పాత కంప్యూటర్‌లో లినక్స్ అనే సిస్టమ్ వేశాను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకమే నాకు గురువు. దానికి మొదటి పేజీలు లేవు, నాకు చివరి తరగతులు లేవు, జోడీ కుదిరింది. ప్రెస్సులో పనిచేసే నలుగురికీ ఒకటే పాస్‌వర్డ్, గోడ క్యాలెండర్ మీదే రాసి ఉండేది. ఎవరైనా ఏ ఫైలైనా తుడిచేయొచ్చు.

ఒకరోజు చాదర్‌ఘాట్ నుంచి ఒకామె వచ్చింది. నిరుడు తండ్రి దశదిన కర్మ కార్డు మా దగ్గరే వేయించింది. ఇప్పుడు సంవత్సరీకం.

"ఫొటో మీ కాడ ఉంటది గదన్నా. ఇంట్లది వానకు ఖరాబైంది. కార్డు మీద మొఖం గోరంతనే ఉన్నది."

వెతికాను. లేదు.

"పని అయిపాయె గదరా, ఎప్పుడో విప్పేసిన" అన్నాడు ఉస్తాద్ వెనక నుంచి, గర్వంగానే.

చూస్తే, ఆయన చేసిన పనులన్నీ అలాగే విప్పి, అంటే కంప్యూటర్లోంచి తుడిచేసి ఉన్నాయి. రెండో నకలు తీసి పెట్టాల్సింది నేను. రేపు రేపంటూ తీయలేదు. ప్రెస్సు యజమాని సేఠ్ తిట్లు మాత్రం ఆయనకు పడ్డాయి. ఆ గోరంత ముఖాన్నే పెద్దది చేసి ఇచ్చాం. మసకగా వచ్చింది. ఆమె దాన్నే తీసుకుపోయింది.

సేఠ్ నన్ను పక్కకు పిలిచాడు. "ఆయన చెయ్యి ఆపుతవా, ఆయననే ఇంటికి పంపాల్నా? నువ్వే చెప్పు."

ఆ మధ్యాహ్నం తలా ఒక పేరు, తలా ఒక పాస్‌వర్డ్ పెట్టాను. అయిపోయిన పనుల ఫోల్డర్‌ను నా పేరున మార్చాను. అందరూ చూడొచ్చు, తెరవొచ్చు. తుడవడం నా ఒక్కడి చేతిలో. నాలుగు వరుసలు టైపు చేస్తే అయ్యే పని. ఎంటర్ కొట్టే ముందు రెండుసార్లు చాయ్ తాగొచ్చాను.

మర్నాడు ఉస్తాద్ ఒక పెళ్లికార్డు ఫైలు తుడవబోయాడు. తెర మీద ఇంగ్లీషులో ఒక వరుస వచ్చింది.

"ఏంది రా గిది?"

"అనుమతి లేదంటున్నది, ఉస్తాద్."

"ఎవరికి?"

లేచి ఆయన కుర్చీ పక్కకు పోయాను.

"మీకే. నేనే అట్ల పెట్టిన."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

"నిన్ను ఆర్నెల్లు అక్షరాల పెట్టె ముట్టనియ్యలే, యాదున్నదా?"

"ఔ."

"గప్పుడు ఏడ్చినవ్."

"ఏడ్వలే ఉస్తాద్. కండ్లల్ల అక్షరాలు కడిగే కిరసనాయిల్ పడ్డది."

"ఔ, ఔ" అని మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆయన దేన్నీ తుడవలేదు. కానీ పాత ఫైలు ఏది తెరవాలన్నా నా వైపు తిరిగి, "తెరువొచ్చునా?" అని అడుగుతాడు. దానికి అడ్డు లేదని ఎన్నోసార్లు చెప్పాను. దెప్పుతున్నాడేమోనని మొదట్లో ముఖం చూసేవాణ్ణి. కాదు. ఇంకొకరి పెట్టెను అడగకుండా ముట్టే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు.

"తెరువుండ్రి ఉస్తాద్" అంటాను. అప్పుడు గాని ఆయన చెయ్యి మౌస్ మీదికి రాదు.