సాంబయ్య తలూపిన రోజు

సూరత్‌లోని వడోద్ గల్లీల్లో పెరిగిన పిల్లలకు నిశ్శబ్దమంటే భయం. మరమగ్గాన్ని అక్కడి తెలంగాణవాళ్లు సాంచ అంటారు. సాంచలు ఆగాయంటే కరెంటు పోయినట్టో, ఎవరి చెయ్యో నలిగినట్టో అర్థం. విజయరాణి ఆ చప్పుడులోనే ఉయ్యాల ఊగింది, ఆ చప్పుడులోనే నర్సింగు పాఠాలు బట్టీపట్టింది. తండ్రి పరుశురాం సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పెళ్లికి ముందే సూరత్ వచ్చి, జీవితమంతా సాంచల మధ్య నిలబడ్డవాడు. అక్కడ నోటి మాట ఎవరికీ వినపడదు. పెదాలు చూసి, చేతులు తిప్పి మాట్లాడుకుంటారు. దారం తెగిందని ఒక సైగ, చాయ్‌కి పోదామని ఒక సైగ, సేఠు వస్తున్నాడని ఒక సైగ. ఎదుటివాడు చెప్పింది అందకపోతే ఊరికే తలూపుతారు. సాంచ ఆపి మళ్లీ అడిగే తీరిక ఎవరికుంటుంది?

ఆ తలూపడం ఇంటికీ వస్తుంది. చిన్నప్పుడు విజయరాణి వెనక నుంచి "బాపూ, రేపు నిన్ను బడికి రమ్మన్నరు" అంటే పరుశురాం చక్కగా తలూపేవాడు. మర్నాడు వచ్చేవాడు కాదు. బడి గేటు దగ్గర నిలబడి ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల ఒక సంగతి నేర్చుకుంది. బాపుతో మాట్లాడాలంటే ఎదురుగా వెళ్లి చెప్పాలి. చెప్పింది మళ్లీ ఆయన నోటితో చెప్పించుకోవాలి.

పెద్దయ్యాక ఆ అలవాటే ఆమెకు ఉద్యోగంలో పేరు తెచ్చింది. ఊపిరితిత్తుల వార్డు నుంచి ఇంటికి పంపే రోగులకు ఆక్సిజన్ ఎలా వాడుకోవాలో నేర్పే పని డాక్టర్లు ఆమెకే అప్పగించేవారు. హిందీ, గుజరాతీ, తెలుగు మూడూ వచ్చు. చెప్పిందంతా తిరిగి అప్పజెప్పించుకోనిదే ఎవర్నీ గుమ్మం దాటనిచ్చేది కాదు. "మాస్టరమ్మ" అని తోటి నర్సులు వెక్కిరించేవాళ్లు.

సాంబయ్య ఆ వార్డులో చేరింది చలికాలం చివర్లో. ఒకప్పుడు పరుశురాం పక్క సాంచ ఆయనదే. విజయరాణికి పెద్దబాపు వరస. నూలు ధూళి, బీడీ పొగ కలిసి ఊపిరితిత్తుల్ని తినేశాయి. ముందుకు వంగి, ఒళ్లో దిండు పెట్టుకుని, ఈల వేస్తున్నట్టు పెదాలు సున్నా చుట్టి ఊపిరి వదలడం ఆమే నేర్పింది. కాస్త కుదుటపడగానే ఆయన ఇంటికి పోతానని మొదలుపెట్టాడు.

"ఈడ నిద్ర వస్తలేదు బిడ్డా. సాంచల సప్పుడు లేదు, ఏం లేదు. సచ్చినోళ్ల జాగ లెక్కున్నది."

భార్య కొమురవ్వ విజయరాణి చెయ్యి పట్టుకుంది. "డాక్టర్ సాబ్‌కు నువ్వు జర చెప్పు బిడ్డా. నేను చూస్కుంట. కండ్లల్ల పెట్టుకొని చూస్కుంట."

డాక్టరుకు ఇష్టం లేదు. "ఘర్ పే సంభాల్ లేంగే యే లోగ్?" అన్నాడు, ఇంటి దగ్గర వీళ్లు చూసుకోగలరా అన్నట్టు.

"నేను నేర్పిస్తా సర్," అని విజయరాణి హిందీలో చెప్పింది. ఆ ఒక్క మాట మీద ఆయన సరేనన్నాడు.

వడోద్ తెలుగు సంఘంవాళ్లు కరోనా తర్వాత కొని ఉంచిన ఆక్సిజన్ మిషన్‌నూ, ఒక సిలిండరునూ వార్డుకే తెప్పించి పాఠం మొదలుపెట్టింది. చేతులు కడుక్కోవడం, సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు పోయడం, గొట్టం కొసలు ముక్కులో కిందికి వంగేలా పెట్టడం, చెవుల వెనక ఒరుసుకోకుండా దూది ఉంచడం.

"ముక్కుకు నత్తు పెట్టినవా బిడ్డా," అని సాంబయ్య నవ్వబోయి దగ్గాడు. "మీ పెద్దమ్మకు నేను పెట్టియ్యలేని నత్తు, సూడు, నాకే దొరికింది."

"మస్తు ముద్దుగున్నవ్ తియ్," అంది కొమురవ్వ. తర్వాత మిషన్ మీద గాలిని పెంచి తగ్గించే మరను చూపించింది. "రెండు మీదున్నది గదా. నాలుగు పెడితే జల్ది మంచిగైతడేమో?"

"వద్దే వద్దు పెద్దమ్మా. ఆయనకు ఎక్కువిస్తే మత్తొస్తది, ఊపిరి తీసుడే మరుస్తడు. సాంచ వేగం పెంచితే ఏమైతది?"

"దారం తెగుతది."

"గంతే. రెండు మీదికెల్లి ముట్టద్దు. ఇంకా?"

"దీపం దగ్గర పెట్టద్దు. అగరొత్తి పెట్టద్దు. బీడీ ముట్టియ్యద్దు. ముక్కుకు కొబ్బరినూనె రాయద్దు." కొమురవ్వ వేళ్లు మడిచి అప్పజెప్పింది. "గొట్టం మీద ఏదీ పెట్టద్దు, మడత పడనియ్యద్దు. కరెంటు పోతే సిలిండరు."

చివరగా విజయరాణి గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టుకుంది. కాసేపటికి మిషన్ బీప్ బీప్ అని సన్నగా మొత్తుకోవడం మొదలుపెట్టింది.

"గాలి అందకుంటే గిట్ల మొత్తుకుంటది. ఇన్నరా? ఇంటే ఎంటనే గొట్టం చూడాలె, నాకు ఫోన్ చెయ్యాలె."

సాంబయ్య తలూపాడు. కొమురవ్వ తలూపింది. పక్క మంచం రోగి వాంతి చేసుకుంటుంటే విజయరాణి అటు పరుగెత్తింది. అన్నీ చెప్పించుకుంది. మాటల్నయితే మళ్లీ చెప్పించుకోవచ్చు. చప్పుడును ఎలా చెప్పించుకుంటారు?

ఇంటికి వెళ్లాక సాంబయ్య తేరుకున్నాడు. వాళ్లది సాంచల షెడ్డు మీద ఒక్క గది. డ్యూటీ దిగి వస్తూ విజయరాణి తొంగిచూసేది, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూసేది. అంకె ఉండాల్సిన చోటే ఉండేది. కొమురవ్వ దేవుడి దీపాన్ని గడప అవతల మెట్ల మీదికి మార్చింది. పటాలు లోపల, దీపం బయట. "దేవునికి కోపమొస్తే నా మీద రానీ," అనేది. ఒకప్పుడు ఆమె కూడా కింది షెడ్డులోనే కండెలు చుట్టింది. ఇప్పుడు సేఠు మనిషి తెచ్చి పడేసే చీరల మూటలు విప్పి, అంచులకు వేలాడే దారాలు కత్తిరిస్తూ మొగుడి మంచం పక్కనే కూర్చునేది. ఆయన కింది నుంచి వచ్చే చప్పుడు వింటూ, "ఆ మూల సాంచ సరిగ్గ నడుస్తలేదు," అంటూ కునుకు తీసేవాడు. సాంచల మోత ఆయనకు కాళ్లలోంచి, మంచంలోంచి వినపడేది.

ఒక మధ్యాహ్నం పక్క గది పరమేశ్ ఫోన్ చేశాడు. "అక్కా, సాంబయ్య కాక లేస్తలేడు. జల్ది రా."

విజయరాణి ఆస్పత్రి బట్టల్లోనే ఆటో దిగి పరుగెత్తింది. మెట్ల మొదట్లోనే వినపడింది. కింద సాంచల హోరు మీద, సూదిలా సన్నగా, బీప్, బీప్, బీప్. ఆమె రెండేసి మెట్లు ఎక్కింది.

గదిలో పరమేశ్ ఉన్నాడు, పొద్దుటి షిఫ్టు దిగి వచ్చిన మరో ఇద్దరు సాంచలవాళ్లు ఉన్నారు. కొమురవ్వ సాంబయ్య అరికాళ్లు రుద్దుతోంది. మిషన్ వాళ్ల మధ్యే మొత్తుకుంటోంది. ఒక్కరూ దానివైపు చూడటం లేదు.

సాంబయ్య పెదాలు నల్లబడ్డాయి. విజయరాణి సిలిండరు తిప్పి మాస్కు పెట్టింది. మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసి, ఆయన్ను నేల మీదికి దింపించి ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. అంబులెన్సువాళ్లు వచ్చేదాకా నొక్కుతూనే ఉంది. వాళ్లు చూసి, ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపారు.

అప్పుడు లేచి వెళ్లి మిషన్ కట్టేసింది. బీప్ ఆగింది. ఆగిందని కూడా ఎవరికీ తెలియలేదు. గొట్టం వెంబడి ఆమె కళ్లు వెళ్లాయి. గోడకు వేలాడదీసిన చోట మేకు మీంచి జారిన గొట్టం, మంచం కాళ్ల దగ్గర దించిన కొత్త చీరల మూట కిందికి పోయింది. అందరూ సాంబయ్య చుట్టూ ఉన్నప్పుడు ఆమె మూటను కాస్త ఎత్తి గొట్టాన్ని లాగింది. అది బల్లపరుపుగా నొక్కుకుపోయి ఉంది. మిషన్ నుంచి ఊడదీసి, చుట్ట చుట్టి, కొంగులో పెట్టుకున్నట్టు నడుముకు బిగించిన చున్నీలో దాచుకుంది.

వాళ్ల ముఖాల వైపు చూసింది. ఒక్కొక్కరూ ఎన్నేళ్లు సాంచల మధ్య నిలబడ్డారో. మాటకైతే పెదాలున్నాయి, మోతకైతే నేల ఉంది. సన్నని చప్పుడు మాత్రం వీళ్ల లోకంలో ఎప్పుడో ఆరిపోయింది. బాపు తన ఫోను మోగితే ఎత్తడు, వెలుగు కనపడితే ఎత్తుతాడు. ఆ సంగతి చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి ఈ గదిలో తనొక్కతే. ఆ రోజు వాళ్లు తలూపితే నమ్మింది కూడా తనే.

కొమురవ్వ ఏడవడం లేదు. మొగుడి ముక్కు పక్కన గొట్టం ఒరుసుకున్న చోట బొటనవేలితో నిమురుతోంది.

"పండుకున్నడనుకున్న బిడ్డా. పక్కనే ఉన్న. దారాలు కత్తిరిచ్చుకుంట గీడనే కూసున్న. నిమ్మలంగ పండుకున్నడు, మంచిగైతున్నడు అనుకున్న." తలెత్తి ఆమె ముఖం వైపు, పెదాల వైపు చూసింది. "నేను రెండు మీదికెల్లి ముట్టలే. నువ్వు చెప్పినట్టే చేసిన. దీపం సుత లోపటికి తేలే. మిషన్ మొత్తుకోలే గదా బిడ్డా? మొత్తుకుంటే నేను ఇందును గద?"

విజయరాణి నోరు తెరిచింది. కొమురవ్వ ఆమె పెదాలు కదలడం కోసం ఎదురుచూస్తోంది. చున్నీలో గొట్టం చుట్ట ఆమె పొట్టకు తగులుతూ ఉంది. చెప్పాల్సింది ఒక్కటే మాట. ఆ మాట చెబితే ఈ మనిషి ఇక బతికినంతకాలం ఆ మూట పక్కనే కూర్చుని ఉంటుంది.

"మంచిగనే నడిచింది గదా?" అని కొమురవ్వ మళ్లీ అడిగింది.

విజయరాణి తలూపింది.

కొమురవ్వ నమ్మింది. ముఖం ఆయన గుండె మీద ఆనించి అప్పుడు ఏడ్చింది. కింద షెడ్డులో సాంచలు ఆగలేదు. నేల అదురుతూనే ఉంది, ఆ అదురుకు సాంబయ్య చెయ్యి నేల మీద సన్నగా కదులుతూనే ఉంది.