వాసన లేని పొగ

ఉత్తర ధ్రువం దగ్గరి లాప్‌లాండ్ చలికి కాంక్రీటు గడ్డకట్టకుండా వేడినీటి గొట్టాలు పరిచే ఔలిక్కికి తన డీజిల్ బాయిలరంటేనే భయం. రోజూ చేతొడుగుతో ప్రతి అతుకూ తడిమి, పొగగొట్టం ఆరుబయటే ఉందో లేదో చూసుకుంటుంది. "నీ మొగుణ్ణి కూడా ఇంత తడమవనుకుంటా," అని మేస్త్రీ వెయికో ఎగతాళి. ఆ పొద్దున గాలి కొడుతోందని ఎవరో బాయిలర్ని కాంక్రీటు చుట్టూ కట్టిన టార్పాలిన్ డేరా లోపలికి లాగేశారు. "వెచ్చగా ఉందక్కా, నిద్దరొస్తోంది," అన్నాడు ఎస్తోనియా కూలీ తర్మో, గోడకు జారబడి. ఆమె గుండె ఝల్లుమంది. బాయిలర్ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. బాయిలర్ ఆపేసి టార్పాలిన్ కోసేసింది.

"కాంక్రీటు పాడైతే ఎవరిది పూచీ?" అని వెయికో కసిరాడు.

"మళ్ళీ పోసుకుందువుగాని. ముందు వీణ్ణి పట్టు."

లేవబోయిన తర్మో మోకాళ్లు మడతపడ్డాయి. వెయికో రెండో రెక్క పట్టుకున్నాడు. బయట మంచులో పడుకోబెట్టి, అతని నోటి నుంచి ఆవిరి వస్తుందేమోనని ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. కాసేపటికి, సన్నగా వచ్చింది.