గోడకే ఉండిపోయిన చార్జరు

గద్వాల పాత బస్టాండు దగ్గర జమ్ములమ్మ డీటీపీ పని చేసేది. పెళ్లిపత్రికలు, బడుల పరీక్ష పేపర్లు. ఆమె టైపు చేస్తే అచ్చుతప్పు ఉండదని పేరు. 2008 చలికాలంలో ఆమె భర్త మాసయ్య కామెర్లు ముదిరి, కర్నూలు దవాఖానలో పదకొండు రోజులుండి చనిపోయాడు. ఆ పదకొండు రోజులూ మంచం పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసింది. చివరి రోజు ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుంది గాని, చార్జరు గోడకే ఉండిపోయింది.

దినాలయ్యాక తెలిసినవాళ్ల దగ్గర చిన్న చార్జరొకటి తెచ్చుకుంది. పిన్ను సరిపోయింది. కానీ అప్పటినుంచి అక్షరం నొక్కితే తెర మీదికి రావడానికి చాలాసేపు పట్టేది. జమ్ములమ్మకు విసుగు రాలేదు. వచ్చేదాకా చూస్తూ కూర్చునేది. పేపర్లు రెండుసార్లు ఆలస్యమయ్యాక బడి సారే వచ్చాడు.

"గిట్లయితే ఎట్లమ్మా? వనపర్తిల మల్లేశ్ ఉన్నడు, చూపియ్యి."

పొమ్మన్నాడు కాబట్టి పోయింది.

మల్లేశ్ ల్యాప్‌టాప్ విప్పి, మీటరు పెట్టి చూసి, చివరికి చార్జరు తిప్పి దాని మీది అంకెలు చదివాడు.

"అక్కా, నీ దానికి తొంభై వాట్లది కావాలె. గిది అరవై అయిదుదే. బ్యాటరీ గూడ పోయింది. లోపల చార్జింగ్ చూసుకునే చిప్పు ఉంటది. కరెంటు ఎంత గుంజుతున్నదో కొలుస్తనే ఉంటది. మోతాదు దాటితే ప్రాసెసర్‌కు సిగ్నల్ పంపుతది, జర తగ్గించుమని. అందుకే మెల్లగ నడుస్తుంది. మిషిన్ మాత్రం ఖరాబేం కాలే."

"ఆ సిగ్నల్ బంద్ చెయ్యరాదా?"

"చెయ్యొచ్చు. చార్జర్ కాలుతది, లేకుంటే పని నడుమ టక్కున ఆగుతది. అసలు చార్జర్ ఏడుంది?"

"దవాఖానల. మా ఆయన పోయిననాడు గోడకే ఇడిసిపెట్టి వచ్చిన."

మల్లేశ్ తల వంచుకుని స్క్రూలు బిగించాడు. ఇప్పుడు ఏడుపు రావాలి గదా అని జమ్ములమ్మ అనుకుంది. రాలేదు. అతను లోపలినుంచి తొంభై వాట్ల చార్జరు తెచ్చి చేతిలో పెట్టాడు.

మర్నాడు రెండు రోజుల పని మధ్యాహ్నానికే అయిపోయింది. సారు పేపర్లు పట్టుకుపోయాడు. ఆమె కీబోర్డు మీద చేతులు పెట్టుకుని అట్లాగే కూర్చుంది. అత్త హన్మమ్మ వచ్చి ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టింది.

"పప్పుల ఉప్పు సరిపోయిందా బిడ్డా?"

జమ్ములమ్మ సగం తిన్న కంచం వైపు చూసింది.

"తెల్వదత్తా," అని ఇంకో ముద్ద కలుపుకుంది.