నిండు హాల్లో బాపు చెప్పిన జవాబు

గెలిచామండీ! మా బాపుకు వైకల్య బీమా ఇవ్వాల్సిందేనని కరీంనగర్ వినియోగదారుల కమిషన్ నిన్ననే తీర్పు చెప్పింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే కాబట్టి విచారణకు బాపు పక్కన నేనే నిలబడ్డాను. ఆనాటి భయం జన్మలో మరువను.

మరమగ్గంలో పడి బాపు కుడిచేతి వేళ్లు పోయాయి. అయినా పని చేసుకోగలడంటూ బీమా కంపెనీ డబ్బు ఇవ్వలేదు. విచారణలో వాళ్ల వకీలు నవ్వుతూ, "ఏం పెద్దాయనా, మగ్గం నడుపుతవా?" అన్నాడు.

నలుగురిలో చేతగాదనడం బాపుకు చచ్చినంత పని. "ఎందుకు నడప సార్? రెండు మగ్గాలు నడుపుత!"

కేసు పోయిందనుకున్నాను. "గట్లంటవేంది బాపూ" అంటూ మెల్లగా ఆయన చొక్కా లాగాను.

కమిషన్ మేడమ్ ఫైలు దారం ఇచ్చి, "పోగు తెగితే ముడి ఎలా వేస్తావో చూపించు," అన్నారు.

బాపు ఎడమచేత్తో తిప్పలు పడ్డాడు. దారం జారి కింద పడింది. చివరికి తలవంచుకుని, "ముడి మా ఇంటామె ఏస్తది మేడమ్. నేను బటన్ నొక్కుత, గంతే," అన్నాడు.

వకీలు కూర్చున్నాడు. ఆ ఒక్క మాటకు బాపుకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో నాకప్పుడు తెలిసింది.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: చొప్పదండి మేనత్త, మందమర్రి పెదబాపు, నా కాలేజీ దోస్తులు, కేసెందుకని వెక్కిరించిన మా మామ. "గాయనకు మాత్రం నేనే చేస్త," అంటున్నాడు బాపు.