మూడు నిమిషాల పరీక్ష

ఆ ల్యాబ్‌కి ఆయనే పెద్ద. వస్తూనే ఏసీ పద్దెనిమిదిలో పెడతాడు, గది గడ్డకట్టాకే కంప్యూటర్ ఆన్ చేస్తాడు. ల్యాప్‌టాప్‌లో చల్లగా, పొదుపుగా పనిచేసే చిప్ ఆయన చేసిందే. దాని పేరు చెప్పుకునే ఇంతవాడయ్యాడు. ఇప్పుడు అలాంటివి నాలుగు పక్కపక్కన అతికించి స్టూడియోలకు అమ్మే పెద్ద డెస్క్‌టాప్‌లో కూర్చోబెట్టాడు. నాలుగు రెట్లు వేగమని డప్పు కొట్టుకుంటున్నాడు. పరీక్ష మాత్రం మూడు నిమిషాలే. నాలుగో నిమిషంలో అది వేడెక్కి నీరసపడుతుందని ఆయనకు తెలుసు. ఎవరైనా అడగబోతే, "నువ్వెప్పుడైనా చిప్ చేశావా?" అని నోరు మూయిస్తాడు.

నిన్న కొనడానికొచ్చిన సినిమా ఎడిటర్ పరీక్షకు తన పని తానే తెచ్చుకుంది. మూడో నిమిషంలో పరీక్ష ఆపేయడానికి ఆయన చెయ్యి కీబోర్డు మీదికి పోయింది.

"ఉండండి సార్, నాది గంట పని," అందామె.

పదో నిమిషానికి ఫ్యాన్లు హోరెత్తాయి, తెరమీద పని నత్తనడక పట్టింది. ఆమె సంచిలోంచి పాత ల్యాప్‌టాప్ తీసి అదే పని అందులో పెట్టింది. అది చప్పుడు లేకుండా ముందుకెళ్లిపోయింది.

"ఇందులో ఉన్నదీ మీ చిప్పే కదా సార్? ఒక్కటే ఉందిలెండి."

ఆయన లేచి వెళ్లి ఏసీ పదహారుకి దించాడు.