ఆడవాళ్ళు ఎత్తిన కప్పు

తుపాను వచ్చినప్పుడు నేను చంటిపిల్లాడి తల్లిని. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న పల్లె మాది. మా ఆయనతో సహా ఊళ్ళో మగవాళ్ళంతా గుజరాత్‌లో బోట్ల మీద చేపల వేటలో ఉన్నారు. ఊళ్ళో మిగిలింది ఆడవాళ్ళమూ, పిల్లలూ, ముసలివాళ్ళూ.

గాలి తగ్గాక, తలదాచుకున్న బడి నుంచి తిరిగొచ్చి చూస్తే ఇల్లు లేదు. మట్టిగోడలు సగానికి కరిగిపోయాయి. తాటాకు కప్పు ఎటు ఎగిరిపోయిందో తెలియదు. బిడ్డనెత్తుకుని ఆ గోడల మధ్య నిలబడి ఏడ్చేశాను. మా అత్త ఏడవలేదు. వరసగా కూలిపోయిన కొబ్బరిచెట్ల వంక చూస్తూ, "దూలాలకి లోటు లేదులే," అంది.

"మగోళ్ళు రానీ అత్తా," అన్నాను.

"ఆళ్ళు ఎప్పుడొస్తారో ఏటో. అందాకా పిల్లడిని వానలో పడుకోబెడతావేటే?"

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పోగయ్యారు. ఎవరి ఇల్లూ నిలబడి లేదు. అయినా ఒకావిడ, "సంటోడున్న ఇల్లు ముందు కడదాం," అంటే ఎవరూ కాదనలేదు. తడిసిన చీరలు ఇంకా ఆరకుండానే నా గోడలకి మన్ను తొక్కడం మొదలుపెట్టారు.

గోడలు లేచి ఎండాయి. పైకెక్కి వాసాలు కట్టడం మాలో ఎవరికీ చేతకాదు. అందుకని కప్పు చట్రమంతా నేల మీదే తయారుచేశారు. కొబ్బరిమానులు చీల్చి, పాత వలతాళ్ళతో బిగించారు. అంత బరువు గోడల మీదకి ఎవరెత్తుతారు?

కప్పు ఎత్తే రోజు పొద్దున్నే, మా అత్త గంపలో చేపలు మోసుకెళ్ళి అమ్మే పక్క రైతుల ఊరి నుంచి కూడా ఆడవాళ్ళు తాటాకులు మోసుకుంటూ వచ్చారు. చేపల దగ్గర రోజూ గీచిగీచి బేరమాడేవాళ్ళే! చీరలు ఎగ్గట్టి, మా ఊరివాళ్ళతో కలిసి చట్రం చుట్టూ నిలబడ్డారు.

"పట్టండే! ఒక్కసారే లెగాల!" అని అరిచింది మా అత్త. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

చట్రం కదిలింది. మోకాళ్ళు దాటింది, భుజాలెక్కింది, ఆ తర్వాత అన్ని అరచేతుల మీద ఆకాశంలోకి లేచింది. వణుకుతున్న ఆ వాసాల మధ్య నుంచి మబ్బులు కనబడుతున్నాయి. మెల్లగా అడుగులో అడుగు వేస్తూ నడిచి, దాన్ని గోడల మీద కూర్చోబెట్టారు.

ఒక ముసలామె నోటిమీద చెయ్యేసుకుని, "ఓలమ్మో, మనమేనేటే ఎత్తినాం!" అంది. అందరం నవ్వుతూ ఒకరినొకరం పట్టుకున్నాం. నాకు మాత్రం కన్నీళ్ళు ఆగలేదు.

పక్కింటి కప్పు ఎత్తేటప్పుడు బిడ్డను ఒక తాత ఒళ్ళో పెట్టి నేనూ వెళ్ళి చెయ్యేశాను.

మా ఆయన వచ్చేసరికి మా వీధి వీధంతా లేచి నిలబడింది. "ఎవులు కట్టినారే ఇదంతా?" అన్నాడు. మేమేనంటే నమ్మలేదు. లోపలికొచ్చి, దూలం కింద నిలబడి, చాలాసేపు తలెత్తి పైకే చూస్తూ ఉండిపోయాడు.