దేవునికి చెప్పిన దారి

లింగాల వైపు పల్లెల్లో పాత కక్షల భయంతో నాకు తెలిసినవాళ్లెవరూ ఫలానా రోజు ఫలానా దారిన పోతున్నామని పైకి చెప్పరు. పోయిన దారిన తిరిగి రారు. అదే మనుషులు ప్రార్థనకు మోకరించేసరికి రోజు, బస్సు, దారి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేస్తారు. ఆ సంగతి తెలిసి కూడా మా చర్చి సంఘం వెబ్‌సైటులో ప్రార్థన విన్నపాల పేజీ పెట్టింది నేనే. అప్పట్లో ప్రొద్దుటూరులో నాకు కంప్యూటర్ షాపు ఉండేది.

ఆ పేజీకి ఒక ప్లగిన్ తగిలించాను. ఎవరో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం, ఊరికే దొరుకుతుంది. విన్నపాలు పాస్టరుగారికీ నాకూ తప్ప ఎవరికీ కనపడవు. కొన్నాళ్లకు మెయిల్ వచ్చింది. ప్లగిన్‌లో లోపం ఉందట, మామూలు సభ్యుడిగా చేరినవాడు కూడా పాస్‌వర్డ్ లేకుండా సైటంతా నడిపే అడ్మిన్ ఖాతాలోకి దూరగలడట, వెంటనే అప్‌డేట్ చేయాలట. అంతకుముందు అప్‌డేట్ చేసినప్పుడు క్రిస్మస్ ఫోటోలన్నీ చెదిరిపోయాయి. మళ్లీ ఆ తంటా ఎవడు పడతాడని వదిలేశాను.

ఆ వారంలోనే జమ్మలమడుగు నుంచి మా సంఘం పెద్దమ్మ ఒకామె షాపుకొచ్చింది. ఎన్నికల్లో ఒక పార్టీకి పోలింగు ఏజెంటుగా కూర్చున్నందుకు అవతలి పార్టీవాళ్లు పగబడితే ఆమె కొడుకు ఊరొదిలి ఆరేళ్లు. ఇప్పుడామెకు కంటి ఆపరేషన్. చూపు నిలుస్తుందో లేదో డాక్టరు చెప్పలేదు. ఈలోపు ఒక్కసారి కొడుకు మొహం చూసుకోవాలని ఆశ.

"శుక్రవారం వస్తాండాడు నాయనా. పులివెందుల మింద కాదు, తాడిపత్రి మింద, పొద్దున బస్సుకు. బాగా రావల్లని రాయి."

"దారెందుకు పెద్దమ్మా?"

"దేవునికి గూడా సగం సగం చెప్తే ఎట్లప్పా?"

రాశాను.

బుధవారం నా పాస్‌వర్డ్ పనిచేయలేదు. పాస్టరుగారు మార్చి మరిచిపోయారేమో అనుకున్నాను. గురువారం ఎలాగో లోపలికి వెళ్తే, అడ్మిన్ల జాబితాలో మూడో ఖాతా ఉంది. ఎవరిదో తెలియదు. విన్నపాలన్నీ ఎవరో డౌన్‌లోడ్ చేసుకున్నట్టు కనిపించింది. వెంటనే పెద్దమ్మకు ఫోన్ చేసి, జరిగింది చెప్పి, కొడుకును రావద్దనమన్నాను. ఆమె "సరేలే నాయనా" అంది.

కొడుకు రాలేదు. ఆపరేషన్ జరిగింది, చూపు పోయింది. దూరినవాడు ఎక్కడో కూర్చుని దొరికిన సైట్లకు జూదం ప్రకటనలు అంటించుకునేవాడై ఉంటాడని, వాడికి తెలుగు అక్షరం కూడా రాదని తెలిసినవాళ్లు అన్నారు. కావచ్చు. ఆ శుక్రవారం బస్సు కోసం ఎవరైనా కాచుకున్నారా లేదా, నాకు ఇప్పటికీ తెలియదు. కాచుకోకపోయుంటే కొడుకు మొహం ఆమెకు దక్కనీయనివాణ్ణి నేను. ఏళ్లు గడిచినా తాడిపత్రి బోర్డున్న బస్సు కనిపిస్తే నాకు భయం వేస్తుంది, కిటికీల్లోకి చూడలేను.

కొడుకు ఆ తర్వాత ఎప్పుడో వచ్చి వెళ్లాడట. పెద్దమ్మ అతని మొహమంతా చేతులతో తడిమి చూసుకుందట.

ఒక ఆదివారం ఆమెను ప్రార్థనకు తీసుకొచ్చారు. విన్నపమేమిటని పాస్టరుగారు అడిగారు. ఆమె అటూ ఇటూ తల తిప్పింది.

"ఈడ ఎవరెవరుండారు సామీ?"

"నేనున్నా పెద్దమ్మా" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, విన్నపం పైకి చెప్పకుండా తల వంచుకుంది.